ఎవరినడిగి ఇచ్చారు? కుప్ర ద్వీపం, సిరొంచ గడ్డ

(సిరొంచలో సరిహద్దు సంఘాల యువతీయువకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

అంతర్రాష్ట్ర వంతెన దాటి కాళేశ్వరం వైపు నుంచి వచ్చినవాళ్లకు, అంకీస, అసరెల్లి నుంచి గుంతల రోడ్డు మీద ఒళ్లు హూనం చేసుకుని వచ్చినవాళ్లకు మరీ వందనాలు. నేను కూడా ఇవాళ వంతెన మీదే వచ్చాను. చిన్నప్పుడు అమ్మమ్మ ఊరికి రావాలంటే పడవే గతి. ఏరు నిండితే పడవా ఉండేది కాదు. అవతలి గట్టున కూర్చుని ఇవతలి దీపాలు చూడటమే. అప్పుడు అమ్మ అనేది, "మీ అమ్మమ్మది లంక ఊరురా" అని. పటంలో చూస్తే సిరొంచ లంకేమీ కాదు. కానీ పడమర ప్రాణహిత, దక్షిణం గోదావరి, తూర్పు ఇంద్రావతి. మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు అడవి. జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలంటే సుమారు 200 కిలోమీటర్లు. మా అమ్మ భూగోళం చదువుకోలేదు గానీ తప్పు మాట్లాడలేదు.

నాకిచ్చిన అంశం అపొస్తలుల కార్యములు పదమూడో అధ్యాయం, పౌలు బర్నబాల మొదటి ప్రయాణం. ఆ ప్రయాణంలో వాళ్లు మొదట దిగిన నేల కుప్ర. ఇప్పుడు సైప్రస్ అంటున్నాం. మధ్యధరా సముద్రంలో తొమ్మిది వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు ద్వీపం. సలమీలో దిగారు, ద్వీపమంతా దాటి పాఫుకు వెళ్లారు, అక్కడ అధిపతి సెర్గి పౌలు ముందు మాట్లాడారు. ఆదివారం బడిలో ఇంతవరకే చెబుతాం. సెర్గి పౌలు ఎవరు? రోమా వాడు. రోమా వాడు అక్కడెందుకున్నాడు? కుప్ర వాళ్లు పిలిచారా? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఇవాళ మనం అడుగుదాం. అడిగితే అది నేరుగా మన సిరొంచకు తీసుకొస్తుంది, చూడండి.

కుప్ర అన్న పేరులోనే రాగి ఉంది. ఆ ద్వీపం పేరు మీదనే రోమా వాళ్లు రాగిని పిలిచారు, అదే తర్వాత ఇంగ్లీషులో కాపర్ అయింది. ద్వీపానికి అందం ఎంత ఉన్నా, వచ్చిన ప్రతి రాజూ రాగి కోసం, కలప కోసం, ఓడరేవుల కోసం వచ్చాడు. అష్షూరు రాజు సర్గోను కిత్తీములో శిలాశాసనం వేయించుకున్నాడు. ఐగుప్తు వచ్చింది, పారసీకులు వచ్చారు, అలెగ్జాండర్ వచ్చాడు, అతని సేనాపతి వంశమైన టాలెమీలు ఏలారు. క్రీ.పూ. 58లో రోమా తీసేసుకుంది. అప్పుడు అక్కడ ఏలుతున్న టాలెమీ రాజు విషం తాగి చనిపోయాడు. అతని సొమ్మంతా లెక్కగట్టి రోమాకు ఓడలెక్కించారు.

ఆ తర్వాత జరిగిన ఒక సంగతి మీకు వివరంగా చెప్పాలి, బైబిలు తరగతుల్లో ఇది రాదు కాబట్టి. సలమీ పట్టణానికి అప్పు అవసరమైంది. అప్పిచ్చింది బ్రూటస్. సీజరును పొడిచిన బ్రూటసే. నీతిమంతుడని రోమా అంతా పేరు. కానీ తన పేరు బయటికి రాకుండా ఏజెంట్ల చేత ఇప్పించాడు. వడ్డీ ఏడాదికి నూటికి 48. మన దగ్గర నూటికి నాలుగు రూపాయల వడ్డీ అంటాం కదా, అంతే, నెలకు నాలుగు. పట్నం కట్టలేకపోయింది. అప్పుడు ఆ ఏజెంటు గుర్రపు దళాన్ని తెచ్చి సలమీ పెద్దలను వాళ్ల సభా మందిరంలోనే పెట్టి చుట్టూ కాపలా వేశాడు. ఐదుగురు పెద్దలు ఆకలితో చనిపోయారు. ఆ ప్రాంతానికి గవర్నరుగా వచ్చిన సిసిరో ఉత్తరాల్లో రాసుకున్నాడు కాబట్టి ఇది మనకు తెలిసింది. సిసిరో ఆ గుర్రపు దళాన్ని వెనక్కి పంపాడు, వడ్డీ పన్నెండుకు మించకూడదన్నాడు. కానీ బ్రూటసుతో స్నేహం చెడగొట్టుకోలేక గట్టి తీర్పు ఇవ్వకుండానే పదవీకాలం ముగించుకుని వెళ్లిపోయాడు. మంచి ఆఫీసరే. మంచి ఆఫీసర్లను మనమూ చూశాం. ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోతారు.

ఇది జరిగిన సుమారు వందేళ్లకు పౌలు, బర్నబా సలమీలో పడవ దిగారు. ఆకలితో చనిపోయిన ఆ పెద్దల మునిమనవలు వాళ్ల మాట విన్నవాళ్లలో ఉండి ఉండొచ్చు. నేను ఊహిస్తున్నాను, వాక్యంలో లేదు. కానీ బర్నబా కుప్ర వాడేనని వాక్యంలో ఉంది. అతను తన భూమి అమ్మి ఆ డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడని నాలుగో అధ్యాయంలో చదువుతాం. అప్పుకు భూములు, పట్నాలు పోయిన దేశంలో పుట్టినవాడు తన భూమిని తానే, తన ఇష్టంతో, ఆకలిగా ఉన్నవాళ్ల కోసం ఇచ్చాడు. ఆ రెండు ఇవ్వడాలకూ తేడా ఉంది.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. రోమా తర్వాత బైజాంటియం. 1191లో ఇంగ్లాండు రాజు రిచర్డు క్రూసేడుకు పోతూ దారిలో ద్వీపాన్ని గెలిచాడు. గెలిచి ఏం చేశాడు? అమ్మేశాడు. టెంప్లర్లనే క్రైస్తవ సైనిక సంఘానికి లక్ష బంగారు నాణాలకు బేరం, నలభై వేలు అడ్వాన్సు. ఏడాది తిరగకముందే జనం తిరగబడితే వాళ్లు భయపడి రిచర్డుకు తిరిగి అప్పజెప్పారు. 1192లో ఆయన లూసిన్యాన్ వంశం వాడైన గై అనే ఆయనకిచ్చాడు. ఆ వంశం మూడొందల ఏళ్లు. 1489లో వెనిస్. 1571లో తురకలు. 1878లో సుల్తాను రష్యా భయంతో ద్వీపం పాలనను బ్రిటిష్ వాళ్లకిచ్చాడు. బదులుగా ఏటా 92 వేల పౌండ్లకు పైగా కప్పం కట్టాలి. అది ద్వీపం ప్రజల పన్నుల్లోంచే వసూలైంది, కానీ సుల్తానుకూ చేరలేదు. 1855లో క్రిమియా యుద్ధం కోసం సుల్తాను చేసిన అప్పు ఉంది. ఆ అప్పు పత్రాలు లండన్‌లో, పారిస్‌లో ఉన్న పెద్దమనుషుల చేతుల్లో ఉన్నాయి. కప్పం వాళ్లకు పోయింది. యుద్ధం ఎవరిది, అప్పు ఎవరిది, కట్టింది ఎవరు? 1927 దాకా ఇలాగే కట్టారు.

ఇప్పుడు ఏరు దాటి ఇవతలికి వద్దాం.

సిరొంచను మొదట ఏలింది ఎవరంటే నేను నవ్వుతూ చెప్పే జవాబు ఒకటుంది: రాక్షసి బల్లులు. మన తాలూకాలోని పోచంపల్లి దగ్గర 1958 నుంచి 1961 మధ్య కలకత్తా శాస్త్రవేత్తలు పెద్ద డైనోసారు ఎముకలు తవ్వి తీశారు. పెద్ద కాలు గలదని, అది టాగూరు శతజయంతి కాలమని, బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో నిలబడి ఉంది. చూశారా, మన దగ్గరి ఎముక కూడా మన దగ్గర మిగల్లేదు. వడదం వెళ్తే రాయిగా మారిన చెట్ల దుంగలు ఉన్నాయి, చూసి రండి. పోచంపల్లి పేరు మాత్రం గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మనుషుల సంగతికొస్తే, ఏటికి అవతల కాకతీయులు, వాళ్ల తర్వాత గోల్కొండ, మొగలులు, నిజాం. ఇవతల అడవిలో చాందా గోండు రాజులు, 1751 తర్వాత నాగపూర్ భోంస్లేలు. కాగితం మీద ఈ పేర్లన్నీ మారాయి. అడవిలో ఊరిని ఏలింది మాత్రం ఊరి పటేలు, గోండుల, కోయల పెద్దలు. సుంకం అడిగేవాడు ఏడాదికోసారి వచ్చేవాడు, అంతే. భోంస్లే రాజు కొడుకు లేకుండా చనిపోతే 1854లో డల్హౌసీ నాగపూర్ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. చాందా కంపెనీ చేతికి పోయింది. సిరొంచ ఇంకా నిజాం కిందనే ఉంది.

నాలుగేళ్లకు తిరుగుబాటు. అహేరి దగ్గర మొలంపల్లి జమీందారు కొడుకు బాబూరావు సెడ్మాకే, పాతికేళ్ల గోండు యువకుడు, జనాన్ని కూడగట్టి కంపెనీ సైన్యంతో తలపడ్డాడు. 1858 ఏప్రిల్‌లో ప్రాణహిత ఒడ్డున టెలిగ్రాఫ్ తీగ వేసే ఇద్దరు తెల్లవాళ్లు చనిపోయారు. గమనించండి, అప్పటికే తీగ వస్తోంది. రాజ్యం ముందు తీగ రూపంలో వస్తుంది, తర్వాత తుపాకీ. అతన్ని పట్టి ఇచ్చింది అహేరి జమీందారిణి లక్ష్మీబాయి. 1858 అక్టోబర్ 21న చాందాలో ఉరి తీశారు. ఈ తేదీ కూడా గుర్తు పెట్టుకోండి. మీలో చాలామంది కంటే నాలుగైదేళ్లే పెద్దవాడు.

ఇక అసలు సంగతి, 1860. 1857లో ఉత్తరాన సిపాయిలు తిరగబడితే నిజాం ప్రభుత్వం కంపెనీ పక్షాన నిలిచింది. నిజాం అఫ్జలుద్దౌలా, దివాను సాలార్‌జంగ్. దానికి బహుమతి ఇవ్వాలి. 1860 డిసెంబరులో ఒప్పందం. నిజాం బ్రిటిష్ వాళ్లకు బాకీ ఉన్న 50 లక్షల రూపాయలు రద్దు చేశారు. ఆ బాకీ ఎలా వచ్చింది? నిజాం సొమ్ముతో బ్రిటిష్ వాళ్లు పోషించిన హైదరాబాదు కంటింజెంట్ సైన్యం జీతాల వల్ల! రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు తిరిగి ఇచ్చారు, షోరాపూర్ ఇచ్చారు. బదులుగా గోదావరి ఎడమ గట్టున ఆరు తాలూకాలు బ్రిటిష్ వాళ్లు తీసుకున్నారు. రేకపల్లి, భద్రాచలం, చెర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ. నది మీద సరుకుకు సుంకం ఉండకూడదని కూడా రాసుకున్నారు.

ఇది హైదరాబాదులోనూ కలకత్తాలోనూ రాసుకున్న కాగితం. సిరొంచలో ఎవరినీ అడగలేదు. ఒక రాజు అప్పు తీరింది, మనం చేతులు మారాం. కుప్ర చేతులు మారింది దీని తర్వాత పద్దెనిమిదేళ్లకు, అదే దొరల చేతికి, అదీ అప్పు లెక్కతోనే. సముద్రాలు దాటి ఉన్న రెండు నేలలు, ఒకే రకం పద్దు.

సిరొంచ ఎందుకు కావాల్సొచ్చింది వాళ్లకు? నది కోసం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ గారికి ఒక పెద్ద ఆలోచన ఉండేది. గోదావరి, ప్రాణహిత, వార్ధా మీదుగా పడవలు నడిపి నాగపూర్, బేరార్ పత్తిని సముద్రానికి చేర్చాలని. దారిలో రాళ్ల అడ్డంకులు మూడు. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద దేవల్‌మరి. అక్కడ కాలువలు, లాకులు మొదలుపెట్టారు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి పత్తి దొరక్క మాంచెస్టర్ మిల్లులు ఆగితే ఈ పని మీద ఇంకా ఆశ పెరిగింది. ఎగువ గోదావరి జిల్లా అని కొత్త జిల్లా పెట్టి సిరొంచను కేంద్రం చేశారు. అవును, ఇవాళ ఒక దాఖలా కాగితం కోసం రెండు వందల కిలోమీటర్లు పోతున్న ఈ ఊరు ఒకప్పుడు జిల్లా కేంద్రం. డిప్యూటీ కమిషనర్‌గా పనిచేసిన గ్లాస్‌ఫర్డ్ దొర పేరు మన పక్క ఊరికి ఇప్పటికీ ఉంది, గ్లాస్‌ఫర్డ్‌పేట. రోజూ ఆ పేరు పలుకుతాం. బాబూరావు పేరు మీద మన చుట్టుపక్కల ఎన్ని ఊళ్లున్నాయో మీరే చెప్పండి.

1867లో రైలు నాగపూర్‌కు చేరింది. పత్తి రైలెక్కి బొంబాయి పోయింది. నది పని 1871లో ఆపేశారు. పని ఆగిన మూడేళ్లకు, 1874లో, జిల్లానే ఎత్తేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాష్ట్రానికి. మిగతావి చాందాకు. తర్వాత ముప్పై ఏళ్లు దాటాక చెర్ల, ఆల్బాక, నూగూరు కూడా మద్రాసుకు. సిరొంచ ఒక్కటే ఇటు మిగిలింది. 1956లో మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రానికి, 1960 మే 1న మహారాష్ట్రకు, 1982లో కొత్త గడ్చిరోలి జిల్లాకు. అటువైపు భద్రాచలం 1959లో ఖమ్మంలో కలిసింది. 2014లో తెలంగాణ వచ్చినప్పుడు పోలవరం ముంపు మండలాలను విడదీసి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు, రేకపల్లి వైపు అంతా అటు పోయింది. 1860లో ఒకే గీతతో తీసుకున్న ఆరు తాలూకాల నేల ఇవాళ మూడు రాష్ట్రాల్లో ఉంది. మా అమ్మమ్మ ఇల్లు కదల్లేదు. ఆమె ఇచ్చిన పన్ను రసీదుల మీద ప్రభుత్వం పేరు మాత్రం ఎన్నిసార్లు మారిందో.

ఇక్కడ ఒక మాట మన గురించి కూడా చెప్పుకోవాలి, దాటేస్తే అది నిజాయితీ కాదు. దుమ్ముగూడెం పనులు చూసిన ఇంజనీరు హేగ్ గారే అక్కడ కోయల మధ్య సువార్త పనికి కారకుడు, 1860 ప్రాంతంలో. సిరొంచకు 1890లలో మెథడిస్టు మిషనరీ సి. బి. వార్డ్ గారు యెల్లందు వైపు నుంచి వచ్చారు. బడి, వైద్యం, మాల మాదిగల పిల్లలకు అక్షరం, కరువులో అనాథలకు నీడ. మనలో చాలామంది ఇంటిపేర్ల వెనక ఆ బడి ఉంది. నేను కృతజ్ఞత లేకుండా మాట్లాడటం లేదు. కానీ ఆ పడవ ఏ నది మీద వచ్చింది? 1860 ఒప్పందం తెరిచిన నది మీద. పౌలు కూడా రోమా రోడ్ల మీదనే నడిచాడు, నిజమే. రోమా రోడ్డు మీద నడవడం వేరు, రోమా చేసిందంతా దేవుడి చిత్తమేనని చెప్పడం వేరు. మన పాత సంఘ చరిత్రలు చదివితే దొరల రాక గురించి ఒక పేజీ స్తోత్రం ఉంటుంది. బాబూరావు ఉరి గురించి ఒక వాక్యం నాకింతవరకు కనపడలేదు.

సెర్గి పౌలు సంగతీ అంతే. అధిపతి నమ్మాడని సంతోషిస్తాం, మంచిదే. కానీ అదే పుస్తకంలో పేర్లు లేని కుప్ర వాళ్లు ఉన్నారు. పదకొండో అధ్యాయం తీయండి. స్తెఫను చనిపోయాక చెదిరిపోయినవాళ్లు మొదట యూదులతోనే మాట్లాడారు. అంతియొకయకు వచ్చి గ్రీకు వాళ్లతో ముందుగా మాట్లాడింది ఎవరు? కొందరు కుప్రీయులు, కొందరు కురేనీయులు. వాళ్ల పేర్లు లూకా రాయలేదు. ఆ ఊళ్లోనే శిష్యులకు క్రైస్తవులు అన్న పేరు మొదట వచ్చింది. అంటే మన పేరు వెనక ఒక ద్వీపం వాళ్లున్నారు. ఎందుకు వాళ్లకే సాధ్యమైంది? నా ఆలోచన చెబుతాను. ఎన్నో రాజ్యాలు మారిన చోట పుట్టినవాడికి రెండు మూడు భాషలు నోట్లోనే ఉంటాయి. మీకూ అంతే కదా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండీ మాట నాలుగు ముక్కలు, ఫోన్లో హిందీ. హైదరాబాదు వెళ్తే మీ తెలుగుకు నవ్వుతారు, నాగపూర్ వెళ్తే మీ మరాఠీకి నవ్వుతారు. ఇది లోపమని మీకు చెప్పినవాళ్లు అంతియొకయ అధ్యాయం చదవలేదు.

ఇప్పుడు మేడిగడ్డ. మీరు ఇందాకటి నుంచి ఎదురుచూస్తున్నది ఇదేనని తెలుసు.

2016 ఆగస్టు 23న ముంబైలో ఇద్దరు ముఖ్యమంత్రులు ఒప్పందం చేసుకున్నారు. బ్యారేజీలో నీళ్లు 100 మీటర్ల మట్టానికి మించకూడదని మహారాష్ట్ర పట్టుబట్టింది. ఆ మాత్రం అడిగినందుకు మెచ్చుకోవాలి. 85 గేట్లు, పదహారు వందల మీటర్లకు పైగా పొడవు, పదహారు టీఎంసీల నిల్వ. 2019 జూన్ 21న ప్రారంభం, మూడు రాష్ట్రాల పెద్దలు వేదిక మీద. అటు గట్టు మేడిగడ్డ, ఇటు గట్టు మన పోచంపల్లి. నీళ్లు తెలంగాణ పొలాలకు, వెనక్కి తన్నే నీళ్లు మన తాలూకా చేలకు. తెలంగాణలో కూడా భూములు పోయాయి, అవతలి గట్టు రైతు మన శత్రువు కాదు, అతని పొలమూ బురదలో ఉంది. 2022 జూలై వరదల్లో కన్నెపల్లి పంపుహౌసు మునిగింది, ఇటు మన ఊళ్లూ మునిగాయి. పరిహారం కోసం మన తాలూకా రైతులు ఇక్కడే టెంటు వేసుకుని దీక్షలకు కూర్చున్నారు. మీలో కొందరి నాన్నలు కూర్చున్నారు.

2023 అక్టోబర్ 21 సాయంత్రం ఏడో బ్లాకులో పియర్లు పెద్ద శబ్దంతో కుంగాయి. అక్టోబర్ 21. బాబూరావును ఉరి తీసిన తేదీ. నేను దీన్ని సూచన అనో శాపం అనో చెప్పడం లేదు, అలాంటి ప్రసంగాలు నాకు నచ్చవు. పంచాంగంలో 365 రోజులే ఉన్నాయి. కాకపోతే ఆ తేదీ ఇక మర్చిపోరు.

ఆ బ్యారేజీ అప్పుతో కట్టారు. కుంగినా అప్పు కుంగదు, తెలంగాణ ప్రజలు కడుతూనే ఉండాలి. మళ్లీ అదే లెక్క చూడండి, సలమీ నుంచి ఇక్కడి దాకా.

ఒకాయన నాకొక కాగితం చూపించాడు, ఈ తాలూకా రైతే, పేరు చెప్పను. భూమి గురించిన నోటీసు. మరాఠీలో ఉంది. ఆయనకు మరాఠీ మాట వస్తుంది, అక్షరం రాదు. తెలుగు బైబిలు గడగడా చదువుతాడు. ఆ నోటీసు నాలుగు నెలలు బైబిల్లోనే పెట్టుకున్నాడు, కీర్తనల మధ్యలో. అభ్యంతరం చెప్పాల్సిన గడువు అందులోనే రాసి ఉంది. గడువు దాటాక వాళ్ల మనవరాలు సెలవులకు వచ్చి చదివింది. ఆ అమ్మాయి ఏడ్చిందట, "తాతా, నాకు ఫోన్లో ఫొటో పెట్టినా అయిపోయేది కదా" అని.

పరిస్థితి అలాగే ఉండాలని రాసిపెట్టి లేదు. 1860లో లేని ఒకటి ఇప్పుడుంది. సిరొంచ తాలూకా షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 పెసా చట్టం ప్రకారం ఇక్కడ భూసేకరణకు ముందు గ్రామసభను గానీ పంచాయతీని గానీ సంప్రదించాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఊరి అడవి మీద ఊరికి హక్కు అడగొచ్చు. కాగితం మీద ఉన్నది అమలవుతుందా అంటారు. మన జిల్లాలోనే, ధానోరా తాలూకాలో మెంఢా అనే గోండు ఊరుంది, లేఖా పక్కన. ఢిల్లీలో, ముంబైలో మా ప్రభుత్వం ఉండనీ, మా ఊళ్లో మేమే ప్రభుత్వం అని వాళ్లు ఎప్పుడో నిర్ణయించుకున్నారు. అందరూ ఒప్పుకునేదాకా కూర్చుని మాట్లాడతారు, చేతులెత్తి ఓట్లు లెక్కపెట్టరు. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందారు. 2011లో వెదురు తామే నరికి తామే అమ్మారు. దేశంలో ఇలా చేసిన మొదటి ఊళ్లలో అదొకటి. వాళ్లు సెర్గి పౌలు కోసం ఎదురుచూడలేదు.

గడ్చిరోలిలో ఇంకా ఒక పాలన ఉండేది, 1980 నుంచి, పగలు ఒకరు, రాత్రి ఇంకొకరు. ఏటికి అవతల నుంచి వచ్చినవాళ్లే మొదట. మీ అమ్మానాన్నలు రెండు పాలనలకూ అన్నం పెట్టి, రెండింటికీ భయపడి బతికారు. 2025 అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ రావు అరవై మందితో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాడు. ఆ అధ్యాయం ముగుస్తోంది అంటున్నారు. ముగిస్తే మంచిదే. ఈలోపు సూర్జాగఢ్ కొండ నుంచి ఇనుప రాయి లారీల్లో పోతూనే ఉంది. కుప్రలో రాగి, మన దగ్గర ఇనుము. శాంతి ఎవరికోసం వస్తుందో చూడాల్సిన బాధ్యత మీ తరానిది.

కుప్ర ఇప్పుడు ఎలా ఉందో చెప్పలేదు కదా. 1960లో స్వతంత్రం వచ్చింది. 1963 చివర్లో గ్రీకు, తురుష్క జనం మధ్య కొట్లాట ఆపడానికి ఒక బ్రిటిష్ జనరల్ రాజధాని పటం మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీశాడు. 1974లో సైనిక కుట్ర, తురుష్క సైన్యం దాడి, ఆ గీత ద్వీపమంతా పాకింది. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలారు, ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు. సలమీ శిథిలాలు ఉత్తరం వైపు ఉన్నాయి, పాఫు దక్షిణం వైపు. పౌలు ఇవాళ వెళ్తే మధ్యలో గుర్తింపు కార్డు చూపించాలి. 2003లో గేట్లు తెరిచినప్పుడు ముసలివాళ్లు వరసకట్టి దాటారట, తమ పాత ఇళ్లు చూసుకోవడానికి.

మనకు గేటు లేదు, వంతెన ఉంది. దశాబ్దం కింద వచ్చింది. దానిమీద మీరు చదువుకోవడానికి పోతున్నారు, పెళ్లిళ్లు జరుగుతున్నాయి. అవతల ఉన్న పిల్లకు ఇవతల కుల ధ్రువీకరణ చెల్లదు, ఇవతల పుట్టిన పిల్లాడికి అవతల స్కాలర్‌షిప్ రాదు. ఆ చిక్కులు మీకే బాగా తెలుసు, నేను వివరించక్కర్లేదు.

యెరూషలేముకు చివరి ప్రయాణంలో పౌలుకు ఇంట్లో చోటిచ్చింది మ్నాసోను అనే కుప్రీయుడు. ఇరవై ఒకటో అధ్యాయంలో ఒక్క వచనం. పాత శిష్యుడు అని ఉంది, అంతే. నాకు అతనంటే ఇష్టం. అధిపతి కాదు, ప్రసంగీకుడు కాదు. ఇల్లుంది, తలుపు తీశాడు.

భోజనాల తర్వాత ఇక్కడే, ఈ చెట్టు కింద, సాత్‌బారా కాగితం ఎలా చదవాలో, అవతలివాళ్ల పహాణీలో అదే సంగతి ఎక్కడ రాసి ఉంటుందో చూపిస్తాం. ఆగస్టు 15న గ్రామసభలు ఉన్నాయి, ఏ ఊరి నుంచి ఎవరు వెళ్తారో పేర్లు రాసుకుందాం. ఇంటి నుంచి నోటీసులు తెచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చోండి. మరాఠీ చదవడం వచ్చిన పిల్లలు పెద్దవాళ్ల పక్కన ఒక్కొక్కరు కూర్చోండి.